టేపు పట్టుకోకుండా మినీ ట్రాక్టర్ కొనొద్దు

షోరూమ్‌లో కాలు పెట్టగానే అడిగే మొదటి మాట "ఎన్ని హెచ్‌పీ చూస్తున్నారన్నా?" అని. చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. ఇరవై నాలుగా, ఇరవై ఏడా అని బేరం మొదలవుతుంది, ఫ్రీగా టాప్ ఇస్తారా, సీటు కవర్ ఇస్తారా అనే దాకా పోతుంది. మన తోటలో రెండు చెట్ల వరసల మధ్య ఎన్ని అడుగులు ఖాళీ ఉందో మాత్రం కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడూ అడగడు. చిన్న కమతానికి ట్రాక్టర్ ఎంచుకోవడంలో హెచ్‌పీ ఆఖర్న తేలాల్సిన లెక్క. ముందు తేలాల్సింది వెడల్పు, ఆ తర్వాత వెనక తగిలించే పనిముట్టు, ఆ తర్వాత ఏడాదికి పడే గంటలు.

మినీ ట్రాక్టర్ అంటే మన దగ్గర మామూలుగా 15 నుంచి 30 హెచ్‌పీ లోపు బండ్లు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, తెలంగాణలో సరిగ్గా ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపే. అదీ ఒక్క చెక్కగా ఉండదు, ఇక్కడ ఇరవై గుంటలు, కాలువ అవతల ఎకరం, ఊరి చివర అరెకరం. ఇలాంటి చోట 45, 50 హెచ్‌పీ బండి దిగితే మలుపు తిరగడానికే సగం మడి పోతుంది, గట్టు కూడా తెగుతుంది. అందుకే కంపెనీలు ఈ సైజు మీద పడ్డాయి. మహీంద్రా వాళ్లు 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ఓజా రకం చిన్న ట్రాక్టర్లు తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. అప్పుడు 27 హెచ్‌పీ ఓజా 2127 ఎక్స్ షోరూమ్ ధర పుణెలో 5,64,500. కుబోటా, స్వరాజ్, సోనాలికా, వీఎస్‌టీ, మాస్సీ, ఐషర్, జాన్ డీర్, ఎవరి బండి వాళ్లకుంది. ఏది మంచిదని అడిగితే జవాబు లేదు, ఎవరి పొలానికని అడగాలి.

టేపు దగ్గరికి వద్దాం.

బత్తాయి తోట ఉందనుకోండి, 20 అడుగుల దూరంలో పెట్టింది. కాగితం మీద 20 అడుగులే గానీ ఎనిమిదేళ్లు వచ్చాక కొమ్మలు అటు ఆరేడు అడుగులు, ఇటు ఆరేడు అడుగులు చాపుతాయి, మధ్యలో మిగిలేది ఏడడుగులు. అందులో నాలుగడుగుల రోటవేటర్, అంటే తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు, హాయిగా పోతుంది, ఆరడుగులది కాపు మీదున్న కొమ్మల్ని గీరుకుంటూ పోతుంది. వెడల్పుతో పాటు ఎత్తు కూడా కొలవాలి, ఈ సంగతి చాలామందికి కొన్నాక గాని తట్టదు. బోనెట్ మీద నిలువుగా లేచే సైలెన్సర్ మామిడి, నిమ్మ తోటల్లో ప్రతి చెట్టు దగ్గరా కొమ్మకు తగులుతుంది, వేడికి ఆకులు మాడతాయి. సైలెన్సర్ కిందికి వంగి ఉండే మోడల్ ఉందా, లేకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడగడం మేలు. నిమ్మ తోట వాళ్లకైతే ముళ్ల సంగతి చెప్పక్కర్లేదు, పంచర్ల ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలి.

పత్తి లెక్క ఇంకోలా ఉంటుంది. మూడడుగుల సాళ్లలో, అంటే 90 సెంటీమీటర్లలో, అంతర కృషికి, అంటే పైరు సాళ్ల మధ్య కలుపు దున్నడానికి, మినీ ట్రాక్టర్ కావాలంటే రెండు సాళ్ల మధ్య బండి పట్టించడం కుదరదు. చాలా మినీల వెడల్పే మీటరు, మీటరు పైన ఉంటుంది. బండి ఒక సాలును కడుపు కింద పెట్టుకుని నడవాలి, ఎడమ చక్రం ఎడమ సందులో, కుడి చక్రం కుడి సందులో. అలా జరగాలంటే వెనక చక్రాల మధ్య నుంచి మధ్యకు దూరం కూడా 90 సెంటీమీటర్లే ఉండాలి. టైరు 8.3 అంగుళాలది అయితే 21 సెంటీమీటర్ల మందం, కాబట్టి టైరు అంచుకూ మొక్క మొదలుకూ మధ్య అటూ ఇటూ ముప్పై నాలుగు సెంటీమీటర్లు మిగులుతాయి. సరిపోతుంది. కానీ బండి కడుపు కింద ఖాళీ ఎంత? అడుగుకు అటూ ఇటూ. పత్తి మోకాలి ఎత్తు దాటాక ఆ సాలు మీదుగా పోతే కొమ్మలు విరుగుతాయి. అంటే మినీ ట్రాక్టర్ పత్తిలో పనికొచ్చేది మొదటి నెల, నెలన్నర. ఆ తర్వాత ఎద్దుల గుంటకో, కలుపు తీసే చిన్న యంత్రం పవర్ వీడరో, కూలీలో. "పత్తిలో పంటంతా తిరుగుతుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట ఆగస్టులో చేలో నిలబెట్టి చెప్పమనాలి. చక్రాల మధ్య దూరం మార్చుకునే వీలున్న బండి, ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్ని వరకు మారుతుంది, ఈ ఒక్క అంకె బ్రోచర్‌లో వెతికి పట్టుకుంటే సగం పని అయినట్టే. మరీ ఇరుకు సాళ్లకు 2021లో వచ్చిన స్వరాజ్ కోడ్ లాంటివి ఉన్నాయి, 11 హెచ్‌పీ పెట్రోల్ ఇంజన్, మీటరు లోపే వెడల్పు, సీటూ స్టీరింగూ వెనక్కి తిప్పుకుని రెండు వైపులా నడపొచ్చు. కాకపోతే అది కూరగాయలకూ తోటలకూ తప్ప బరువు దుక్కికి పుట్టింది కాదు.

ఇప్పుడు హెచ్‌పీ. బోనెట్ మీద రాసేది ఇంజన్ హెచ్‌పీ. రోటవేటర్‌నో, స్ప్రేయర్‌నో తిప్పేది వెనక పీటీఓ షాఫ్ట్, అక్కడికి చేరేసరికి పదో పదిహేనో శాతం దారిలోనే అరిగిపోతుంది. 24 హెచ్‌పీ బండిలో పీటీఓ దగ్గర 20 నుంచి 22 దొరికితే మంచిదే. ఈ అంకె సేల్స్ కుర్రాడి నోటి నుంచి వినే పని లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థ ఉంది, ట్రాక్టర్లను పరీక్షించి పీటీఓ శక్తి, డీజిల్ ఖర్చు, వెనక పనిముట్టును లేపే లిఫ్ట్ ఎంత బరువు ఎత్తిందీ, బ్రేకు ఎంత దూరంలో ఆపిందీ అన్నీ రిపోర్టుగా ఇస్తుంది. దక్షిణాదికి అలాంటి సంస్థే మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది, అక్కడ యంత్రాల మీద శిక్షణ కూడా ఇస్తారు. డీలర్‌ని "బుద్ని రిపోర్టు చూపించు" అంటే చాలు, కొనేవాడు తెలిసినవాడని అర్థమై మాట తీరే మారిపోతుంది.

రోటవేటర్‌కు మోటు లెక్క ఒకటుంది, అడుగు వెడల్పుకు ఆరేడు హెచ్‌పీ, నల్లరేగడిలో ఎనిమిది. 24 హెచ్‌పీకి మూడున్నర, నాలుగు అడుగులది. 27కి నాలుగు, నేల తేలికైతే నాలుగున్నర. ఎర్ర చెలకలో బాగానే లాగే బండి రేగడిలో పదును తప్పాక దిగితే ఇంజన్ మూలుగుతుంది, బ్లేడ్లు పైపైనే గీకుతాయి, డ్రైవర్ గేరు తగ్గిస్తాడు, గంటలు పెరుగుతాయి.

ఈ గంటల సంగతి విడిగా చూడాలి. నాలుగడుగుల రోటవేటర్ అంటే 1.2 మీటర్లు. గంటకు మూడు కిలోమీటర్ల నడకతో పోతే గంటకు 3,600 చదరపు మీటర్లు, మలుపులూ మడతలూ పోను ఎనభై శాతం అనుకుంటే 2,900. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరానికి గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. అదే 45 హెచ్‌పీ బండి ఆరడుగుల రోటవేటర్‌తో కొంచెం వేగంగా పోయి యాభై నిమిషాల్లో ముగిస్తుంది. గంటకు మినీ తక్కువ డీజిల్ తాగుతుంది, నిజమే, కానీ ఎకరానికి వచ్చేసరికి ఆ తేడా చాలావరకు ఆవిరైపోతుంది. "మైలేజీ సూపర్" అనే మాట వినగానే గంటకా, ఎకరానికా అని అడగాలి.

లిఫ్ట్ దగ్గర ఇంకో మెలిక. బ్రోచర్‌లో 750 కిలోలు అని ఉంటుంది. అది పనిముట్టు తగిలించే కింది చేతుల (లింకుల) కొన దగ్గర కొలిచిన బరువు. పనిముట్టు బరువు ఆ కొన దగ్గర ఉండదు, రెండు మూడు అడుగులు వెనక్కి వేలాడుతుంది. 400 లీటర్ల స్ప్రేయర్ ట్యాంకు తగిలించి నింపారనుకోండి, నీళ్లే 400 కిలోలు, ట్యాంకూ పంపూ ఫ్రేమూ కలిపి ఇంకో నూటయాభై. అంకెల్లో 550, హద్దులోనే ఉన్నట్టు. గట్టు ఎక్కేటప్పుడు చూడండి, ముందు చక్రాలు నేల మీద ఆనీ ఆననట్టు తేలతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ముందు బంపర్‌కు బరువులు వేసుకోవాలి లేదా 200 లీటర్ల ట్యాంకుతో సరిపెట్టుకోవాలి. ఎనిమిది తొమ్మిది వందల కిలోల బండి, ఎంత మంచి ఇంజన్ పెట్టినా తన బరువును మించి మర్యాదగా పనిచేయదు.

వరి దగ్గర మాత్రం అదే తేలిక వరమవుతుంది. దమ్ములో, తెలంగాణ మాటలో కరిగెట్లో, బరువు బండి దిగబడుతుంది, మినీ తేలికగా పోతుంది. అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే డబ్బు దండగ కాదు. టూ వీల్ బండి బురదలో ఉన్నచోటనే చక్రం తిప్పుతుంటే ఫోర్ వీల్ బండి ముందు చక్రాలతో కూడా ఈడ్చుకుని బయటపడుతుంది. పైగా ఇనుప చక్రాలు తగిలించినప్పుడు ముందు భాగం లేచే భయం తగ్గుతుంది. ఫోర్ వీల్‌కి రెండు ఖర్చులు మాత్రం డీలర్లు చెప్పరు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తోలితే ముందూ వెనకా చక్రాల వేగంలో ఉండే చిన్న తేడా జారడానికి చోటు లేక గేర్ల మీద పడుతుంది, టైర్లు అరిగిపోతాయి. టైరు మార్చేటప్పుడు కూడా ఇష్టమొచ్చిన సైజు వేయకూడదు, ముందు వెనక కొలతల పొత్తు కుదరాలి. బురదలో పనిచేసే బండికి ముందు యాక్సిల్ సీళ్లు ఎంత గట్టివో అడగాలి, నీళ్లు లోపలికి పోతే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, అప్పుడు మెకానిక్ ముఖం చూస్తేనే బిల్లు అర్థమవుతుంది. ఇక వరి ఒక్కటే, అదీ ఎకరం రెండెకరాలే ఉన్నవాళ్లకు ట్రాక్టర్ కంటే పవర్ టిల్లర్ నయం. వెంట నడవాలి, కాళ్లు లాగేస్తాయి, అయినా డబ్బు మిగులుతుంది.

సిలిండర్లు ఎన్ని అన్నదీ చూసుకోవాలి. 15 హెచ్‌పీ యువరాజ్ 215, స్వరాజ్ 717 ఒక సిలిండర్ ఇంజన్లు, పల్లె మెకానిక్ చెట్టు కింద విప్పి బిగించగలడు, కానీ ఆ కుదుపుకు సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. 21 హెచ్‌పీ కుబోటా నియోస్టార్‌లో మూడు సిలిండర్లు, మెత్తగా నడుస్తుంది, దానికి తగ్గ ధర, దానికి తగ్గ స్పేర్ పార్టులు. రోజుకు రెండు గంటలు తోలేవాడు ఒకటి, ఎనిమిది గంటలు తోలేవాడు మూడు తీసుకోవడం సబబు.

డబ్బు లెక్కకు వస్తే, ఇక్కడే మొహమాటం పనికిరాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అంటే అంతకు ముందు పన్నుతో కలిపి ఆరు లక్షలున్న బండి మీద ముప్పై ఏడు వేల దాకా తగ్గాలి. మంచిదే. అయినా బండీ రోటవేటరూ కలిపి ఏడు లక్షలు అనుకుందాం. పావు వంతు చేతి నుంచి కట్టి, 5.25 లక్షలు ఐదేళ్లకు 12 శాతం వడ్డీతో తీసుకుంటే ఆరు నెలలకోసారి 71 వేలు, ఏడాదికి లక్షా నలభై మూడు వేలు. ఐదెకరాల రైతు, రెండు పంటలు, పంటకు రెండుసార్లు రోటవేటర్. మొత్తం ఇరవై ఎకరాల దుక్కి. ఊళ్లో పెద్ద ట్రాక్టర్ కిరాయి గంటకు 1,200 అనుకున్నా ఇరవై వేలు దాటదు, మిగతా తోలకాలు కలిపితే ముప్పై ఐదు వేలు. సొంత బండికి డీజిల్ పోను మిగిలేది ఏ ఇరవై నాలుగు వేలో. అంటే కిస్తీలో ఇంకా లక్షా ఇరవై వేలు ఎక్కడి నుంచో రావాలి. కిరాయికి తిప్పితే గంటకు వెయ్యి వచ్చిందనుకోండి, డీజిల్‌కు మూడు వందలు, డ్రైవర్‌కు నూటయాభై, అరుగుదలకు వంద తీసేస్తే మిగిలేది నాలుగు వందల యాభై. ఈ లెక్కన ఏటా 260 గంటలకు పైగా ఊరివాళ్ల పొలాల్లో తిరగాలి. అందరికీ ట్రాక్టర్ అవసరం పడేది ఒకే పది పదిహేను రోజుల్లో, కిరాయి డబ్బులు వచ్చేదేమో పంట అమ్మాక. ఊళ్లో ఇప్పటికే నాలుగు మినీలు ఉంటే ఈ 260 గంటలు కలే. అంకెలు ఊరిని బట్టి మారతాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే, కొనే ముందు పాత నోటుబుక్కులో ఒక పేజీ దీనికి ఖర్చుపెట్టాలి.

మరి ఎందుకు కొంటున్నారు? అదను కోసం. మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాక ఊరంతా ఒకేసారి దుక్కికి దిగుతుంది, పెద్ద ట్రాక్టర్ వాడు ముందు పాతికెకరాల ఆసామి దగ్గరికి పోతాడు, రెండెకరాల వాడికి "రేపు వస్తా" అంటాడు. ఆ రేపు ఐదు రోజులకు వస్తుంది, పదును పోతుంది. దాని ఖరీదు కిరాయి లెక్కలో కనబడదు, దిగుబడిలో కనబడుతుంది. రెండోది, పెద్ద బండి దూరని తోటలు. ఏడాదిలో ఐదారుసార్లు కలుపు దున్నాలి, పదిసార్లు మందు కొట్టాలి అన్నప్పుడు సొంత మినీ తన డబ్బు తానే తెచ్చుకుంటుంది. తోట ఉన్నవాడు కొనడంలో అర్థముంది, వట్టి మెట్ట చేను ఐదెకరాలున్నవాడు ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములతో కలిసి కొంటే తప్ప గిట్టదు. సబ్సిడీ కేంద్రం వాళ్ల వ్యవసాయ యంత్రాల పథకం ఎస్‌ఎంఏఎం కింద 2014-15 నుంచి నడుస్తోంది, మండల వ్యవసాయాధికారి దగ్గర ఈ ఏడు ఏమున్నదో అడిగి, మంజూరు చేతికొచ్చాకే డీలర్‌కు అడ్వాన్సు ఇవ్వాలి. ముందు కొని తర్వాత సబ్సిడీ కోసం తిరిగేవాళ్ల చెప్పులు అరిగిపోయాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం రెండెకరాలు కొని శనివారం వచ్చి ఆదివారం పోయేవాళ్లది వేరే కథ. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి బండికి ముందు లోడర్, కింద గడ్డి కోసే డెక్, పెడల్ తొక్కితే నడిచే గేర్లు కావాలంటారు. అక్కడి కాంపాక్ట్ ట్రాక్టర్ ఇంటి చుట్టూ గడ్డి, మంచు, కంకర చూసుకునే పనిమనిషి, ఇక్కడిది దుక్కికి పుట్టింది. వీళ్లకు ఏడాదిలో ఇరవై గంటల పని ఉంటుంది. నెల రోజులు షెడ్డులో పడి ఉంటే బ్యాటరీ డౌన్, ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి, డీజిల్ ట్యాంకులో నీళ్లు చేరతాయి. ఎకరానికి పవర్ వీడర్, బ్రష్ కట్టర్ కొనుక్కుని, ఏడాదికి రెండుసార్లు ఊళ్లో ట్రాక్టర్ పిలిపించుకుంటే ఊరివాళ్లతో పరిచయమూ పెరుగుతుంది.

ట్రాలీ గురించి గట్టిగానే చెప్పాలి. మినీ వెనక పెద్ద ట్రాలీ తగిలించి మూడు టన్నుల ఇసుకో వడ్ల బస్తాలో ఎక్కిస్తారు. ఇంజన్ లాగుతుంది కూడా. కానీ ఆపాల్సింది బ్రేకులు. తొమ్మిది వందల కిలోల బండిని దిగుడులో మూడు టన్నులు వెనక నుంచి తోస్తుంటే టైర్లు పట్టు వదిలేస్తాయి, బండి అడ్డం తిరుగుతుంది. టన్ను, టన్నున్నర దాటకపోవడం మంచిది. పొలంలో మలుపు కోసం ఎడమ కుడి బ్రేకులు విడివిడిగా వాడతాం కదా, రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయాలి, లేకపోతే ఒక పక్కే బ్రేకు పడుతుంది. కూలీలను ట్రాలీలో ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ డబ్బు రావడం కష్టం. తిరుగుతున్న పీటీఓ షాఫ్ట్ దగ్గర చీర కొంగు, పంచె, మెడలో తువ్వాలు, ఏదైనా క్షణంలో చుట్టుకుంటుంది. దాని మీద పసుపు ప్లాస్టిక్ తొడుగు వస్తుంది, గ్రీజు కొట్టడానికి అడ్డమని చాలామంది మొదటి నెలలోనే పీకి పారేస్తారు. పీకొద్దు.

రెండో చేతి బండి చూడ్డానికి పోతే ముందు చెప్పకుండా పొద్దున్నే వెళ్లాలి. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడాలి. వేడిగా ఉంటే చల్లటి స్టార్టింగ్‌లో ఏదో ఇబ్బంది ఉందని, అది కనబడకూడదని ముందే తిప్పి పెట్టారని అర్థం. రోటవేటర్ పైకి లేపి ఇంజన్ ఆపేయాలి, టీ తాగి వచ్చేసరికి అది నేలను తాకితే లిఫ్ట్ సీళ్లు పోయినట్టే. మీటర్‌లో గంటలు నమ్మే పని లేదు, క్లచ్ పెడల్ రబ్బరు, సీటు అంచు, వెనక టైరు గుబ్బలు చూస్తే అసలు వయసు తెలుస్తుంది.

కొత్తదైనా పాతదైనా డెమో షోరూమ్ వెనక ఖాళీ స్థలంలో చూపిస్తామంటే ఒప్పుకోకూడదు. అక్కడి నేల రోజూ దున్నించుకుని పిండిలా ఉంటుంది, ఏ బండైనా అక్కడ పులే. మన చేనుకు తెప్పించాలి, అందులోనూ గట్టిపడ్డ మూలకు, ఇరుకు వరసకు, గట్టు ఎక్కే చోటికి. కొనబోయే సైజు రోటవేటరే తగిలించాలి, మూడడుగులది పెట్టి చూపించి నాలుగడుగులది అమ్మడం కొత్తేం కాదు. తోలేది కంపెనీ డ్రైవర్ కాకుండా ఇంట్లో రేపు తోలబోయే మనిషే అవ్వాలి, అతని కాలు క్లచ్‌కు అందుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. బండి వెళ్లిపోయాక గునపం మొనతో మట్టి తీసి ఎంత లోతు తెగిందో టేపుతో కొలవండి, నాలుగంగుళాలు రాకపోతే ఇంకో షోరూమ్‌కు ఫోన్ చేయండి.